తాలింపు లేని కూర

మా షాపుకి వచ్చే ఆడవాళ్ళు ఈ మధ్య చీరలు చూడడం మానేసి నన్ను చూస్తున్నారు. "ఉమా గారూ, ఎంత సన్నబడ్డారండీ. ఏం డైట్ చేస్తున్నారో మాకూ చెప్పచ్చుగా" అంటారు. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. మొన్న ఒకావిడ ఏకంగా ఫోన్ తీసి, చెప్పండి రాసుకుంటా అని కూర్చుంది. "రాసుకో తల్లీ. రెండుసార్లు ఆసుపత్రిలో పడాలి, అత్తగారితో మాటలు పోవాలి. అప్పుడు తగ్గుతావు" అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. కౌంటర్ దగ్గర నుంచి మా ఆయన ఉరిమి చూశారు. నా నోరు అలాంటిది, ఏం చేస్తాం.

ఇంటికొచ్చాక మాత్రం అనిపించింది, పాపం ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది అని. అందుకే రాస్తున్నాను. నూనె లేకుండా కూరలు ఎలా వండుకోవచ్చో నాకు తెలిసినంత రాస్తాను. ఆ వంట మా ఇంట్లో ఏం గొడవ తెచ్చిందో, అందులో నేను చేసిన తప్పేమిటో కూడా రాస్తాను. రెండోది దాచిపెట్టి మొదటిది చెబితే అది నిజం కాదు.

శ్రావణం

మాది వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్. కింద షాపు, పైన ఇల్లు. మా మామగారు పెడన నుంచి నేత చీరలు మూట కట్టుకొచ్చి అమ్మిన రోజుల నుంచీ అదే చోటు. ఇంట్లో నలుగురం. మా ఆయన, నేను, డిగ్రీ చదువుతున్న మా హారిక, మా అత్తగారు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. అత్తగారికి ఇప్పుడు డెబ్బై నాలుగు.

శ్రావణ మాసం వస్తే మాకు అన్నం తినే తీరిక ఉండదు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, షాపు నిండా జనం ఉండగా, నూజివీడు నుంచి వచ్చినవాళ్ళకి చీరలు పరుస్తున్నాను. బొడ్డుకి పైన నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని సోడా తెప్పించుకుని తాగాను. పావుగంటకి ఆ నొప్పి వీపులోకి దిగింది. అలాంటి నొప్పి నేను కాన్పులో కూడా పడలేదు. నిలబడలేను, వెనక్కి వాలలేను. ముందుకి వంగితే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. పట్టుచీరల దొంతర మీద బోర్లా వాలిపోయాను. నా పొట్ట కింద ఉన్న మెరూన్ చీర ఒకసారి తీస్తారా అని ఒకావిడ అడిగింది. నిజంగానే అడిగింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో చేర్చారు. రక్తం తీసిన నర్సు ట్యూబు పైకెత్తి చూసి, పక్కనున్న నర్సుకి చూపించింది. వాళ్ళిద్దరి మొహాలూ నాకు నచ్చలేదు. ఏంటమ్మా అది అన్నాను. "ఏం లేదండీ, కొంచెం తెల్లగా ఉంది" అంది. రక్తం తెల్లగా ఉండడమేమిటి, చూపించమన్నాను. టమాటా రసంలో పాలు పోసినట్టుంది. అది నా ఒంట్లో తిరుగుతోందని, ఇన్నాళ్ళూ దానితోనే మెట్లెక్కి దిగుతున్నానని తలుచుకుని, దాన్ని అవతల పెట్టమన్నాను.

రక్తంలో కొవ్వు విపరీతంగా పేరుకుని పాంక్రియాస్ వాచిందని డాక్టరు గారు చెప్పారు. అలాంటిదొకటి పొట్టలో ఉందని నేను అంతకుముందు ఎప్పుడూ తలుచుకోలేదు. నాలుగు రోజులు నోట్లో ఏమీ పోయనివ్వలేదు. పెదాల మీద తడి దూది అద్దేవాళ్ళు. ఆ దూదిని పళ్ళతో పట్టుకుని పీల్చేదాన్ని. ఒక నర్సు పిల్ల చూసి కూడా చూడనట్టు ఇంకోసారి తడిపి ఇచ్చింది. ఆ పిల్ల పేరు అడగలేదు. ఇప్పుడు బాధగా ఉంది.

బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో మావాళ్ళు ముగ్గురూ. అత్తగారిని ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదట. పక్క కుర్చీలో అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒకావిడ, భర్తని డయాలసిస్‌కి తీసుకొచ్చిందట, తన డబ్బాలోని పెరుగన్నం సగం తీసి మా అత్తగారికి పెట్టింది. మా అత్తగారు బయట ఎవరి చేతి అన్నమూ ముట్టని మనిషి. ఆ రోజు తిన్నారని హారిక చెబితే, నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. ఆవిడ నియమం తప్పారంటే నేను ఏ స్థితిలో ఉన్నానో అర్థమైంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు నన్ను, మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఈసారి బయటపడ్డారు. మళ్ళీ ఇలా వస్తే తట్టుకోవడం కష్టం. మాత్రలు ఎంత ముఖ్యమో తిండి అంత ముఖ్యం." ఆ తర్వాత డైటీషియన్ అమ్మాయి వచ్చింది. కూరల్లో నూనె దాదాపు ఉండకూడదంది, వేపుళ్ళూ కొబ్బరీ వేరుశనగపొడీ వద్దంది. మా ఆయన అంతా విని, "నెయ్యి పర్లేదాండీ?" అని అడిగారు. ఆ అమ్మాయి ఆయన వైపు జాలిగా చూసింది. "నెయ్యి కూడా కొవ్వేనండీ." మా వైపు మనుషులం ఇంతే. నెయ్యిని కొవ్వులో కలపడానికి మాకు మనసు రాదు.

భాద్రపదం

నేను మంచం మీద ఉన్నాను కాబట్టి వంట అత్తగారు తీసుకున్నారు. ఆవిడ చేతి వంటకి పేరు. కూర దింపే ముందు అంచుల వెంబడి నూనె తేలితేనే అది ఉడికిందని ఆవిడ లెక్క. అలాంటి మనిషికి నూనె లేకుండా వండమని చెప్పడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా మొదట్లో ఆవిడ పట్టుదలగా నేర్చుకున్నారు. ఈ విషయంలో ఆవిడ గురించి ఎంత చెప్పినా తక్కువే.

బీరకాయ, ఆనపకాయ, పొట్లకాయ మన మాట వింటాయి. ముక్కలు వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి, ఆ మూత మీద గ్లాసుడు నీళ్ళు పోసి సన్నటి సెగ మీద వదిలేస్తే వాటి నీళ్ళలోనే అవి ఉడుకుతాయి. మూత మీద నీళ్ళు ఉంటే లోపల ఆవిరి మళ్ళీ నీరై కూరలోకే దిగుతుంది, అడుగంటదు. ఉల్లిపాయ ముక్కలు వేగాలంటే చెంచాడు చెంచాడు నీళ్ళు చిలకరిస్తూ కలపాలి. ఓపిక ఉంటే ఎర్రబడతాయి కూడా. దొండకాయ మొండిది, ముందు ఉడకబెట్టుకోవాలి. బెండకాయ జిగురు పోవాలంటే పుల్లటి మజ్జిగ పోయాలి. వంకాయని కూరగా వండే ఆశ వదిలేసుకుని, కాల్చి, చింతపండు పులుసుతో పచ్చడి చేసుకోవడం మేలు. గోంగూర మాత్రం నూనె లేకపోతే పగబట్టినట్టు ఉంటుంది. దాని జోలికి పోకండి. కారం పొడి పచ్చివాసన కొడుతుంది, బదులుగా అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసుకోండి. ఇవన్నీ నా వంటికి చెప్పిన పథ్యానికి సరిపోయిన పద్ధతులు. మీ డాక్టరుని అడిగి మీరు చేసుకోండి.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవంతా తాలింపు దగ్గర వచ్చింది.

మా అత్తగారి వైపు ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోతే, పదకొండో రోజు పెద్దకర్మ అయ్యేదాకా ఏ వంటకీ తాలింపు పెట్టరు. పప్పయినా చారయినా ఉడకబెట్టి దించడమే. పెద్దకర్మ అయ్యాక తాలింపు చిటపటమంటేనే ఆ ఇంట్లో మైల తీరినట్టు. అందుకని మామూలు రోజుల్లో తాలింపు లేకుండా కూర దించితే ఆవిడకి ప్రాణం మీదికి వచ్చినంత పని. మొదటి రోజు నా బీరకాయ కూర ఉడికింది. అత్తగారు తాలింపు గరిటె చేత్తో పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చారు.

"ఒక్క చుక్క వేస్తానే ఉమా. ఆవాలు చిట్లేంత. ఒక్క చుక్కకి ఏమవుద్ది?"

"వద్దంటే వద్దత్తయ్యా. డాక్టరు గారు ఏం చెప్పారో మీకూ తెలుసుగా."

"బతికున్న మనిషికి తాలింపు లేని కూర ఎట్టా పెట్టేది?"

నాకు చిరాకేసింది. హారిక ఫోన్‌లో చూసి, నూనె లేకుండా ఉత్త మూకుట్లో ఆవాలు వేయించచ్చు నాన్నమ్మా అని చేసి చూపించింది. అవి చిటపటలాడాయి కూడా. అత్తగారు చూసి, "ఆవాలు వేయించడం వేరు, తాలింపు వేరు" అని గరిటె గట్టు మీద పెట్టేశారు. ఆ సాయంత్రం నుంచి ఆవిడ ఇంక ఆ మాట ఎత్తలేదు. కూరలు మెతగ్గా, తెల్లగా, ఉడికిన వాసనతో వచ్చేవి. రెండు వారాలకి నాకు ఆ తిండి చూస్తే కోపం వచ్చేది. భోజనాల దగ్గర మా ఆయన, హారిక తల వంచుకుని తినేవాళ్ళు. వాళ్ళ కూరలోంచి వచ్చే ఇంగువ వాసనకి నేను మొహం తిప్పుకునేదాన్ని. మూడో వారంలో నా కూర కాస్త రుచిగా అనిపించింది. అలవాటు పడ్డాననుకుని మురిసిపోయాను.

దసరా

దసరా నవరాత్రుల్లో ఒక పెద్ద కస్టమర్ ఇంట్లో ఓణీల ఫంక్షన్. బెంజ్ సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాలు. షాపు వదిలి రావడానికి కుదరక మా ఆయన నన్నొక్కదాన్నే పంపారు. "చీర పెట్టి, అక్షింతలు వేసి వచ్చెయ్. ఏం తినకు" అన్నారు. సరే అన్నాను.

అక్కడ భోజనాల దగ్గర ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అరిటాకు వేశారు. పూర్ణం బూరె వడ్డించి, వడ్డించే ఆయన వేలితో దాని నడినెత్తిన చిల్లు పెట్టి నెయ్యి పోశాడు. ఒక్కటే అనుకున్నాను. నాలుగు తిన్నాను. గుత్తి వంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నాను. తింటున్నంతసేపూ నాకు ఏ భయమూ లేదు, సిగ్గూ లేదు. నెలన్నరగా ఎవరో లాక్కున్నది నాకు తిరిగి ఇచ్చేసినట్టు ఉంది, అంతే. ఇంటికి వచ్చి, ఏమీ తినలేదని చెప్పాను. అత్తగారు నా కోసం ఉంచిన పొట్లకాయ కూర కూడా కొంచెం కెలికాను, అనుమానం రాకుండా.

మూడో రోజు మూలా నక్షత్రం. ఆ రోజు అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో వన్ టౌన్ రోడ్లన్నీ మూసేస్తారు. ఉదయం పదకొండింటికి నొప్పి వచ్చింది. ఈసారి అదేమిటో నాకు తెలుసు. తెలియడం వల్ల రెండింతలు భయం. అంబులెన్స్ బారికేడ్ల అవతలే ఆగిపోయింది, లోపలికి రాలేమన్నారు. మా సందులో బట్టల బేళ్ళు లాగే ఆదినారాయణ బండి మీద పాత దుప్పటి పరిచి, "ఎక్కండమ్మా, నే లాక్కెళ్తా" అన్నాడు. పక్కన మా ఆయన, హారిక నడుస్తుంటే, ఆ బండి మీద ముడుచుకుని పడుకుని జనం మధ్యలోంచి వెళ్ళాను. ఎర్రబట్టలు కట్టుకుని భవానీ మాల వేసుకున్నవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. ఒక ముసలాయన నా నుదుటి మీద ఇంత కుంకుమ పెట్టాడు. ఈ బండి మీంచి నేను మళ్ళీ ఇంటికి వెళ్ళనేమో అని ఆ దారి పొడుగునా అనుకున్నాను.

వెళ్ళాను, పదమూడు రోజుల తర్వాత. మధ్యలో ఎన్ని రోజులు ఐసీయూలో ఉన్నానో నాకు సరిగ్గా గుర్తు లేదు. గుర్తున్నది వార్డుకి మార్చిన రోజు మధ్యాహ్నం. డాక్టరు గారు వచ్చి, "ఏం తిన్నారమ్మా" అని అడిగారు. మా ఆయన పక్కనే ఉన్నారు. నేను కళ్ళు మూసుకుని, ఇంట్లో వండిందే తింటున్నానండీ అన్నాను.

ఆయన వెళ్ళాక అత్తగారు మంచం దగ్గరికి వచ్చారు. చేతిలో గంజి ఫ్లాస్క్.

"నేనే చేశానే ఉమా. నీ కూరలో రోజూ అర చెంచా నూనెతో తాలింపు పెట్టి, ఆవాలు కనపడకుండా ఏరేశాను. నీకు చెప్పలా. తాలింపు లేకుండా నీకు పెట్టడానికి నాకు చేతులు రాలా."

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అత్తయ్యా, అది కాదు, నేను బూరెలు తిన్నాను అని. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఎదురుగా మా ఆయన మొహం చూశాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూస్తున్న చూపు చూశాను. ఆ చూపు నా మీదికి తిరగడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా నాకు కోపం కూడా వచ్చింది, అది నిజం కోపమే. ఆచారాల పేరుతో నా ప్రాణంతో ఆడుకుంటారా అనుకున్నాను. నా తప్పు తెలిసీ కోపం తెచ్చుకోగలిగాను. అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇంకొక్కసారి పెట్టండత్తయ్యా తాలింపు," అన్నాను. "అప్పుడు పదకొండు రోజులు తాలింపు లేకుండా వండుకోవచ్చు, నా పేరు మీద."

వార్డులో అందరూ విన్నారు. పక్క మంచం పేషెంటు కూతురు యాపిల్ కోస్తున్నదల్లా ఆగిపోయింది. అత్తగారు ఫ్లాస్క్ కింద పెట్టి, గోడ పట్టుకుని బయటికి వెళ్ళారు. హారిక వెనకాలే పరిగెత్తింది. లిఫ్ట్ దగ్గర నేల మీద కూర్చుండిపోయారట.

నేను డిశ్చార్జి అయ్యి వచ్చేసరికి ఆవిడ ఇంట్లో లేరు. చల్లపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు.

కార్తీకం

వంట నేనే చేసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్నే హారిక కూరలు తరిగి కాలేజీకి వెళ్ళేది. తాలింపు లేదు, నూనె లేదు, పద్ధతులన్నీ వచ్చు. అయినా ఆ కూర గొంతు దిగేది కాదు. రుచి వల్ల కాదు. కంచం ముందు పెట్టుకోగానే వార్డులో నేనన్న మాట నాకే వినపడేది. నిజంగానే అది పోయినవాళ్ళ కోసం వండిన వంటలా కనపడేది. ఆచారాలంటే నవ్వే మనిషిని, నాకే అలా కనపడింది. బరువు తగ్గింది అప్పుడే. చీరల షాపుకొచ్చి మెచ్చుకుంటున్నారే, ఆ సన్నబడడం అదీ.

మా ఆయన నాతో మాట్లాడేవారు కానీ అవసరానికే. "మాత్రలు వేసుకున్నావా", "షాపు తాళాలేవీ". ఒకరోజు నేనే అడిగాను, అత్తయ్యని తీసుకురారా అని. ఆయన బనియన్ మడత పెడుతూ, "నువ్వన్న మాట నేనని ఉంటే, నేను వెళ్ళి పిలిస్తే వచ్చేది. నువ్వు కదా అన్నది" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు చల్లపల్లి బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక దారి పొడుగునా వరి ఈని ఉంది. నేను దాన్ని చూడలేదు, మాటలు కూర్చుకుంటున్నాను. ఎన్ని కూర్చినా బూరెల దగ్గరే ఆగిపోతున్నాను.

పిన్నిగారి వరండాలో అత్తగారు చేటలో కందిపప్పు ఏరుతున్నారు. నన్ను చూసి చేట పక్కన పెట్టారు. "ఒక్కదానివే వచ్చావా? బస్సులో సీటు దొరికిందా?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఫంక్షన్ హాలు, అరిటాకు, ఇంటికి వచ్చి ఆడిన అబద్ధం, వార్డులో డాక్టరు గారికి చెప్పిన అబద్ధం.

ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఎన్ని తిన్నావు?"

"నాలుగు."

"నెయ్యి పోశారా?"

"పోశారు."

"నువ్వు బూరెలు తిన్నావు, నేను తాలింపు పెట్టాను," అన్నారు. "ఎవరి వల్ల ఎంతో ఆ డాక్టరు మాత్రం ఏం చెబుతాడు? నేను పెట్టకపోతే బాగుండేది. నువ్వు తినకపోతే బాగుండేది."

నేను చెబితే ఆవిడ గుండె తేలికపడుతుందని బస్సులో అనుకున్నాను. పడలేదు. తప్పు నాదని ఒప్పుకున్నంత మాత్రాన ఆవిడ అర చెంచా ఎక్కడికీ పోలేదు. అప్పుడు ఆవిడ, నా వైపు చూడకుండా, పప్పులో రాయి ఏరుతూ చెప్పారు. ఇరవై అయిదేళ్ళలో ఒక్కసారీ చెప్పని సంగతి.

మా ఇంట్లో గోడ మీద మా ఆడబిడ్డ పద్మ ఫోటో ఉంది. కామెర్లతో పోయిందని తెలుసు, అంతే. పద్మ పోయినప్పుడు ఇంట్లో వండడానికి ఎవరూ లేక అత్తగారే వండారట. కూతురి కోసం పదకొండు రోజులు, తాలింపు లేకుండా. ఏడాది తిరక్కుండా మామగారు పోయారు. మళ్ళీ పదకొండు రోజులు, మళ్ళీ ఆవిడే. ఆ రెండోసారి పెద్దకర్మ అయ్యాక తాలింపు పెట్టమని అందరూ అంటే, ఆవాలు చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడిపోయారట. పక్కింటావిడ వచ్చి పెట్టింది. ఆ మర్నాటి నుంచి, జ్వరం వచ్చినా, ఒళ్ళు తూలినా, లేచి తాలింపు పెట్టి మళ్ళీ పడుకునేవారట. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నదీ అదే. అది ఆవిడ చాదస్తమనుకున్నాను.

"రెండుసార్లు వండానే ఆ వంట," అన్నారు. "పొద్దున నీ కూర దించేసరికి చేతులు చల్లబడేవి. నీకు కొంచెం నూనె పోసి అయినా సరే ఆ చప్పుడు వినాలి అనిపించేది. నీకు చెడు చెయ్యాలని కాదే."

"తెలుసత్తయ్యా. నేనన్న మాట..."

"అన్నావులే. ఇంక దాన్ని మళ్ళీ అనమాక."

"ఇంటికి రండి. నేను వండుకుంటుంటే గొంతు దిగట్లేదు. మీరు వండితే తింటాను. తాలింపు లేకుండా వండాలి కానీ, మీరే వండాలి."

ఎంత పెద్ద కోరిక కోరానో అన్నాక తెలిసింది. వెనక్కి తీసుకోబోయాను. ఆవిడ చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న బస్సులో నా పక్క సీట్లో కూర్చుని వచ్చారు. పామర్రు దగ్గర నా చేతిలో ఒక జామకాయ పెట్టారు, తిను, ఇందులో నూనె లేదులే అన్నారు.

ఇప్పుడు

ఆ మధ్యాహ్నం ఆవిడ బీరకాయ వండారు. నేను వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని చూశాను. మూత మీద నీళ్ళు పోశారు. ఉడికాక దించారు. తాలింపు గరిటె పైన మేకుకి వేలాడుతూనే ఉంది, దాని వైపు చూడలేదు. అన్నం, కూర నా కంచంలో వడ్డించారు.

మా అత్తగారు ఇంట్లో ఎవరికంటే ముందూ తినరు. అందరి భోజనాలూ అయ్యి, షాపులో పనివాళ్ళ కాఫీలు కూడా వెళ్ళాకే ఆవిడ కూర్చునేది. అలాంటి మనిషి ఆ రోజు నా కంచం తన వైపు లాక్కున్నారు. అన్నంలో ఆ కూర కలిపి ఒక ముద్ద చేసి పట్టుకున్నారు.

"ఏంటత్తయ్యా?"

"ముందు నేను తింటా," అన్నారు. "ఇందులో ఏదన్నా చెడు ఉంటే అది నాకు తగలనీ. ఆ తర్వాత నువ్వు తిను."

ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నమిలి మింగారు. అప్పుడు కంచం నా వైపు జరిపారు. నేను తిన్నాను. చాలా రోజుల తర్వాత కంచం ఖాళీ చేశాను.

నెలనెలా పరీక్షకి రక్తం ఇచ్చి వస్తున్నాను. ట్యూబులో ఇప్పుడు ఎర్రగానే ఉంటుంది. ఇలాగే ఉండండి, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి అని డాక్టరు గారు మెచ్చుకుంటున్నారు. బూరెల సంగతి ఆయనకి, మా ఆయనకి కూడా చెప్పేశాను. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత మామూలైపోయారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకటే చెబుతాను. తిన్నది దాచకండి. దాచితే దాని బరువు ఇంట్లో ఇంకెవరో మోస్తారు.

డాక్టరు గారికి చెప్పనిది ఒకటే ఉంది. ఆ రోజు మొదలుకుని ఇవాళ్టి దాకా మా అత్తగారు రోజూ నా కంచంలోంచి ముందు ముద్ద తనే తింటారు. హారిక, వద్దు నాన్నమ్మా అంటుంది. మా ఆయన లేచి వెళ్ళిపోతారు. నేను ఎదురుగా కూర్చుని, ఆవిడ మింగేదాకా ఆగి, అప్పుడు కంచంలో చెయ్యి పెడతాను. ఆపాలని రోజూ అనుకుంటాను. ఇంతవరకూ ఆపలేదు. నాకు బతకాలనుంది.